రెండో మైకు

మనలో చాలామంది ఇళ్ళల్లో ఒక పాత నోట్‌బుక్ ఉంటుంది. అమ్మదో, అమ్మమ్మదో. మంగళహారతులు, పెళ్ళిపాటలు, లాలిపాటలు, అన్నీ వంకర టింకర అక్షరాలతో, మధ్య మధ్య నూనె మరకలతో. పాట పైన "ఫలానా పాట వరుస" అని రాసి ఉంటుంది. ఆ ఫలానా పాట ఎలా పాడాలో ఇప్పుడు ఇంట్లో ఎవ్వరికీ తెలియదు. మాటలు మిగిలాయి, వరుస పోయింది.

మా అత్తమ్మ దగ్గర ఆ నోట్‌బుక్ కూడా లేదు. ఆమె బడికి పోలేదు. పాటలన్నీ నోట్లోనే. శామీర్‌పేట చెరువుకు ఆవల ఒక పల్లెలో పుట్టి, పదహారేళ్ళకు మేడ్చల్‌కు కోడలిగా వచ్చింది. నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, నలుగు పాటలు, అప్పగింతల పాటలు, ఎన్ని వచ్చో ఆమెకే లెక్క తెలియదు. చిన్నప్పుడు ఊళ్ళో పట్వారి గారింటికి పనికి పోయి, వాళ్ళ పెద్దమ్మ పాడుతుంటే విని నేర్చుకున్న ఊర్మిళాదేవి నిద్ర కూడా వచ్చు. ఆ కథ తెలుసు కదా. లక్ష్మణుడు అన్నతో అడవికి పోతే ఊర్మిళ పద్నాలుగేళ్ళూ నిద్రపోతుంది. ఆయన తిరిగొచ్చి లేపితే గుర్తుపట్టక, ఎవరో పరాయి మగాడనుకొని భయపడుతుంది. అత్తమ్మ ఆ చోటుకొచ్చేసరికి గొంతు సన్నగా చేసి పాడుతుంది. నేను పెళ్ళై వచ్చిన కొత్తలో చాటలో బియ్యం పట్టుకొని ఏరడం మర్చిపోయి వినేదాన్ని.

ఇలాంటి పాటలను పెద్దవాళ్ళు పట్టించుకోలేదని కాదు. బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో జానపద గేయాల మీదే పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నారు. వెల్చేరు నారాయణరావు గారు తెలుగు ఆడవాళ్ళ రామాయణ పాటల మీద రాసిన ఇంగ్లీషు వ్యాసం 1991లో ఒక సంకలనంలో వచ్చింది. ఆ పాటల్లో యుద్ధాల కంటే పురుళ్ళు, పెళ్ళిళ్ళు, ఇంటి లోపలి ఆడవాళ్ళ సంగతులే ముందుకొస్తాయి. కాగితం మీద మాటలు నిలిచాయి. కానీ మా అత్తమ్మ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఏ మాటను ఎంత సాగదీస్తుందో కాగితం మీద ఎట్లా నిలుస్తుంది?

మొన్న దసరాకు ముందు అత్తమ్మ మెడ దగ్గర గడ్డ పెద్దదైంది. థైరాయిడ్ అన్నారు. ఆపరేషన్ చేసి తీసేయాలన్నారు. డాక్టరమ్మ మంచి మనిషి, బొమ్మ గీసి మరీ చెప్పింది. థైరాయిడ్ వెనక నుంచే స్వరపేటికకు పోయే నరం ఉంటుందట. దానికి దగ్గర్లోనే, గొంతును పైకి ఎత్తడానికి పనికొచ్చే సన్నని నరం ఇంకొకటి ఉంటుందట. "జాగ్రత్తగానే చేస్తాం. చాలామందికి గొంతు మారినా కొన్నాళ్ళకు సర్దుకుంటుంది. కొద్దిమందికి మాత్రం ముందున్న గొంతు పూర్తిగా రాకపోవచ్చు," అంది. అత్తమ్మ తల ఊపి, "మాట వస్తే సాలు తల్లీ, పాటలు ఎవరికి కావాలె," అంది.

ఆపరేషన్‌కు పన్నెండు రోజులుంది. నాకు కావాలి అనుకున్నాను.

ఫోన్‌లో రికార్డు చేస్తే సరిపోదా అంటారేమో. సరిపోతుంది, ఏమీ లేనిచోట అదే బంగారం. కానీ మా ఇంట్లో మావాడి అలమారాలో ఒక చిన్న ఇనుప పెట్టె, ఒక మైకు, హెడ్‌ఫోన్లు పడి ఉన్నాయి. ఇంటర్ సెలవుల్లో ర్యాప్ పాటలు చేస్తానని కొనిపించుకున్నాడు. ఇప్పుడు వరంగల్‌లో హాస్టల్లో ఉన్నాడు. ఆ పెట్టెను ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. మైకు నుంచి వచ్చే శబ్దాన్ని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు ఇస్తుంది, కంప్యూటర్‌లోని అంకెలను మళ్ళీ శబ్దంగా మార్చి హెడ్‌ఫోన్‌కు పంపిస్తుంది. అంతే దాని పని. వాడు హాస్టల్ నుంచి ఫోన్‌లో చెప్తుంటే, నేను ఇక్కడ లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఒక చెవిలో కొడుకు, ఇంకో చెవిలో కుక్కర్ విజిల్.

ముందు ఆ పెట్టె చేసిన కంపెనీ సైట్ నుంచి దాని డ్రైవర్ దింపుకోవాలి. ఇది లేకపోయినా శబ్దం వస్తుంది, కానీ ఆలస్యంగా వస్తుంది. విండోస్‌లో మామూలు దారిలో పోయే శబ్దం, వేరే ప్రోగ్రాముల శబ్దాలన్నీ కలిసే చోట ఆగి, అందరితో కలిసి బయల్దేరుతుంది. ఏసియో అనే పద్ధతిలో ఆ జంక్షన్‌లో ఆగకుండా నేరుగా పోతుంది. ఇది జర్మనీలోని స్టైన్‌బర్గ్ కంపెనీ తెచ్చిన పద్ధతి, ఇప్పుడు చాలా పెట్టెలకు అదే. రికార్డింగ్‌కు మావాడు రీపర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టించాడు. 60 రోజులు డబ్బు కట్టకుండా చూడొచ్చు. అందులో ఆప్షన్స్, ప్రిఫరెన్సెస్, ఆడియో, డివైస్ వరకు పోయి, ఆడియో సిస్టమ్ దగ్గర ఏసియో అని, దాని కింద మన పెట్టె పేరు ఎంచుకోవాలి. శాంపిల్ రేటు 48000. అంటే సెకనుకు 48 వేల సార్లు శబ్దాన్ని కొలుస్తుందన్నమాట. సీడీలకు 44100, వీడియోలకు 48000 వాడతారట. ఏదో ఒకటి పెట్టుకొని పని అయ్యేదాకా మార్చకూడదు.

ఇక బఫర్. ఇది నాకు భలే నచ్చింది. ఇంటికి చుట్టాలొచ్చారనుకోండి. చాయ్ ఒక్కొక్క కప్పు పొయ్యగానే తెచ్చిస్తే వాళ్ళకు వెంటనే అందుతుంది, మనకు మాత్రం కాళ్ళు పడిపోతాయి. పది కప్పులు నిండాక ట్రేలో తెస్తే మనకు సుఖం, మొదటి కప్పు వాళ్ళు ఎదురు చూడాలి. బఫర్ ఆ ట్రే. 1024 అని పెడితే కంప్యూటర్‌కు హాయి, కానీ ట్రే నిండడానికే సెకనును వెయ్యి భాగాలు చేస్తే అందులో 21 భాగాలు, అంటే 21 మిల్లీసెకన్లు పడుతుంది. పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి. 128 పెడితే మూడు మిల్లీసెకన్లు కూడా పట్టదు, కానీ పాత లాప్‌టాప్ అయితే ఉరుకులాటలో కప్పులు జారవిడుస్తుంది. పాటలో చిటచిటమని వినబడేది అదే.

21 మిల్లీసెకన్లు ఒక లెక్కా అనుకుంటాం. అత్తమ్మకు హెడ్‌ఫోన్ పెట్టిన రోజు తెలిసింది అది ఎంత లెక్కో. ఆమెకు కుడి చెవి సరిగ్గా వినబడదు. హెడ్‌ఫోన్‌లో తన గొంతు తనకు గట్టిగా వినబడేసరికి మొహం వెలిగిపోయింది. పాట ఎత్తుకుంది. రెండు ముక్కలు పాడి ఆపేసింది.

"ఏందే ఇది? నా ఎన్క ఎవరో నక్కి పాడుతున్నట్టున్నది. నేను ఆగినా అది ఆగుతలేదు."

ఎవరి మాట వాళ్ళకే కొంచెం వెనక నుంచి వినబడితే నాలుక తడబడుతుంది. మనం ఫోన్‌లో ఎప్పుడైనా మన మాటే తిరిగొస్తే ఏం మాట్లాడుతున్నామో మర్చిపోతాం కదా, అదే. మావాడు బఫర్ 128కి దించమన్నాడు. దించాను. ఆ తర్వాత పెట్టె మీదే డైరెక్ట్ మానిటర్ అని ఒక మీట ఉంది, అది నొక్కమన్నాడు. అది నొక్కితే మైకు శబ్దం కంప్యూటర్ దాకా పోకుండా పెట్టెలోంచే హెడ్‌ఫోన్‌లోకి వచ్చేస్తుంది, ఆలస్యం దాదాపు లేనట్టే. అయితే అప్పుడు రీపర్‌లో ట్రాక్ దగ్గర మానిటర్ ఆపేయాలి. లేకపోతే పెట్టె నుంచి ఒకసారి, కంప్యూటర్ నుంచి ఒకసారి, రెండుసార్లు వినబడుతుంది.

ఈసారి అత్తమ్మ, "ఆఁ, గిప్పుడు నేనొక్కదాన్నే ఉన్న," అంది.

చోటు సంగతి చెప్పాలి. మేడ్చల్‌లో నిశ్శబ్దం దొరకడం కష్టం. ఒక పక్క 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు. ఇంకో పక్క నిజామాబాద్ వైపు పోయే రైళ్ళు. పైన హకీంపేట విమానాలు, హెలికాప్టర్లు. అందుకని బియ్యం బస్తాలు, బొంతలు పెట్టుకునే లోపలి గదిని ఎంచుకున్నాను. కిటికీకి రెండు బొంతలు కట్టాను. ఫ్యాన్ బంద్, ఫ్రిజ్ కూడా ఆ గంటసేపు బంద్. మైకు అత్తమ్మ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు. ఆ మైకు కండెన్సర్ రకం, దానికి పెట్టె మీద 48వీ అనే బటన్ నొక్కి కరెంటు ఇవ్వాలి. గెయిన్ అనే గుండీని మామూలుగా పాడినప్పుడు కాదు, చాలా గట్టిగా పాడినప్పుడు చూసి పెట్టాలి. తెరమీద మీటర్ మైనస్ 12 దగ్గర ఆగితే మంచిది. సున్నాను తాకితే గొంతు పగిలినట్టు పడుతుంది, తర్వాత ఎవరూ బాగు చేయలేరు.

అన్నీ కుదిరాయి. పెట్టె కుదిరింది, గది కుదిరింది, మీటర్ కుదిరింది. పాటే కుదరలేదు.

అత్తమ్మ రెండు పాదాలు పాడుతుంది, ఆగుతుంది. మళ్ళీ మొదలుపెడుతుంది, మూడో పాదం దగ్గర దారి తప్పుతుంది. మూడు రోజులు ఇదే. మర్చిపోయిందేమో అని నాకు గుబులు. వంటింట్లో మాత్రం చిక్కుడుకాయలు తుంచుకుంటూ అదే పాట గడగడా పాడేస్తుంది. నాలుగో రోజు హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి తనే చెప్పింది.

"ఇది ఒక్కల పాట కాదు బిడ్డా. నేనొకటంటే ఎదురుంగ ఇంకొకరు అనాలె. వాళ్ళు అంటుంటే నాకు తర్వాతది యాదికొస్తది."

బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడేటప్పుడు చూస్తూనే ఉంటాం. ఒకరు ఎత్తుకుంటారు, మిగిలినవాళ్ళు అందుకుంటారు. ఎత్తుకునేవాళ్ళకు ఊపిరి దొరికేది, తర్వాతి మాట దొరికేది ఆ సందులోనే. ఒంటరిగా మైకు ముందు కూర్చోబెడితే ఆ సందు ఎక్కడి నుంచి వస్తుంది? వంటింట్లో ఆ ఎదురు పాదం నేను సన్నగా అందుకుంటానని నాకే అప్పుడు తెలిసింది. కానీ నాకు వచ్చేది నాలుగైదు పాటలే.

మిగిలినవన్నీ వచ్చే మనిషి ఒక్కరే ఉన్నారు. అత్తమ్మ చెల్లెలు, మా చిన్నత్తమ్మ. శామీర్‌పేటలోనే ఉంటుంది, మాకు అరగంట దారి. కానీ ఆరేళ్ళుగా రాకపోకలు లేవు.

కారణం మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. భూమి. అవుటర్ రింగ్ రోడ్డు వచ్చాక శామీర్‌పేట, మేడ్చల్ చుట్టుపక్కల గుంటల్లో ఉన్న భూమికి కూడా రెక్కలొచ్చాయి. ఎవరూ పట్టించుకోని చెలక మీద అందరి కళ్ళూ పడ్డాయి. వాళ్ళ నాయన ఇచ్చిన 18 గుంటల దగ్గర ఒక సంతకం, ఒక మాట, ఆ మాటకు ఇంకో మాట. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే పలకరింపు, అంతవరకే. నేను కోడలిని, ఆ లెక్కల్లో నా నోరు ఎప్పుడూ లేదు.

మావారితో అన్నాను, చిన్నత్తమ్మకు ఫోన్ చేస్తానని. "అమ్మకు చెప్పి చెయ్," అన్నారు. అత్తమ్మకు చెప్తే ఏమీ అనలేదు. చిక్కుడుకాయల గిన్నె తీసుకొని లోపలికి పోయింది. అది వద్దనడం కాదని నాకు తెలుసు.

"చిన్నత్తమ్మా, అత్తమ్మ పాటలు రికార్డు చేస్తున్నా. ఎదురు పాడేవాళ్ళు లేక ఆగిపోయింది," అన్నాను. ఆపరేషన్ సంగతి కూడా చెప్పాను.

చాలాసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత, "ఏ పాట?" అంది.

చెప్పాను.

"అది నాకు సగమే వస్తది. ఎత్తుకునుడు అక్కదే."

"ఆ సగమే కావాలి చిన్నత్తమ్మా."

పెట్టెకు రెండు మైకులు పెట్టుకునే రంధ్రాలున్నాయి. రెండో మైకు మా కాలనీ గుడి భజన మండలి వాళ్ళనడిగి తెచ్చాను. అది డైనమిక్ రకం, దానికి 48వీ అవసరం లేదు, ఉన్నా మంచి వైరు ఉంటే ఏమీ కాదు. కానీ దాని వైరుకు ఒక చివర మూడు ముల్లుల కనెక్టరు, ఇంకో చివర లావుపాటి పిన్ను. ఆ పిన్ను కూడా పెట్టెలో దూరుతుంది, శబ్దం మాత్రం చీమ మాట్లాడినట్టు వస్తుంది. ఆ నడిమి రంధ్రం గిటారు, కీబోర్డు లాంటివాటికి. మైకు శబ్దాన్ని పెంచే దారి వేరే. రెండు చివర్లా మూడు ముల్లులుండే వైరు కావాలి, ఎక్స్ఎల్ఆర్ అని అడగాలి. మావారు కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెచ్చారు. రీపర్‌లో రెండు ట్రాకులు చేశాను. ఒకదానికి మోనో ఇన్‌పుట్ 1, ఇంకోదానికి మోనో ఇన్‌పుట్ 2. ఇలా విడివిడిగా పెట్టుకుంటే తర్వాత ఒకరి గొంతు తగ్గించి ఇంకొకరిది పెంచుకోవచ్చు. స్టీరియో అని ఉంచేస్తే ఒకరు ఎడమ చెవిలో, ఒకరు కుడి చెవిలో పాడతారు. మా అత్తమ్మ కుడి చెవి సంగతి చెప్పాను కదా.

ఆదివారం పొద్దున చిన్నత్తమ్మ వచ్చింది. చేతిలో సీతాఫలాల సంచి.

"బస్సుల వచ్చినవా చెల్లె?"

"మనవడు బండి మీద దింపిండు."

ఆరేళ్ళ తర్వాత అంతే. నేను చాయ్ ఇచ్చి, ఇద్దరినీ లోపలి గదిలో ఎదురెదురుగా బొంతల మీద కూర్చోబెట్టాను. ఎర్ర బటన్ నొక్కాను. అత్తమ్మ ఎత్తుకుంది. చిన్నత్తమ్మ అందుకుంది. మూడో పాదం దగ్గర ఆగుతుందేమోనని నేను ఊపిరి బిగబట్టాను. ఆగలేదు. పదో పాదం కూడా దాటిపోయింది.

మధ్యలో చిన్నత్తమ్మ, "కాదక్కా, అమ్మ అట్ల అనకపోతుండె," అని ఆపింది. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. వాళ్ళ అమ్మ ఏ మాట అనేది, ఏ కల్లంలో పాడేది, ఎవరి పెళ్ళిలో పాడేది. నేను బటన్ ఆపలేదు. తర్వాత మావాడు విని, "మమ్మీ, మాటలన్నీ కట్ చేసి పాటలు విడిగా తీసిస్తా," అన్నాడు. తీసివ్వు, కానీ అసలుది ముట్టుకోవద్దన్నాను.

ఊర్మిళ పాటకు ఎదురు పాడేవాళ్ళు అక్కర్లేదు. అది అత్తమ్మ ఒక్కతే పాడింది, చిన్నత్తమ్మ ఊఁ కొట్టింది. సగంలో హకీంపేట వైపు నుంచి విమానం వచ్చింది. ఎన్ని బొంతలు కట్టినా అది ఆగదు. ఇద్దరూ పాట ఆపి, పైకి చూస్తూ కూర్చున్నారు. రికార్డింగ్ వింటే ఇప్పటికీ ఆ మోత ఉంటుంది. మోత తగ్గుతుండగా రెండో ట్రాక్‌లో చిన్నత్తమ్మ గొంతు వినబడుతుంది.

"ఏ దవఖాన అక్కా?"

అత్తమ్మ చెప్పింది.

"ఆ దినం నేనొస్త."

తర్వాత ఒక రెండు క్షణాలు ఏమీ ఉండదు. మళ్ళీ పాట.

మొత్తం రెండు ఆదివారాల్లో 23 పాటలయ్యాయి. రెండు ట్రాకులు, 48000, 24 బిట్ అంటే గంటకు ఒక జీబీ పైనే పడుతుంది. అసలు ఫైళ్ళు ఎంపీ3 చేయకుండా వేవ్‌గానే ఉంచాను. లాప్‌టాప్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, మావాడి దగ్గర ఒకటి. ప్రతి పాటకూ పేరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎప్పుడు పాడేవారు, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాశాను. పైన "ఫలానా పాట వరుస" అని మాత్రం రాయలేదు.

ఆపరేషన్ అయ్యింది. చెప్పినట్టే చిన్నత్తమ్మ వచ్చి రెండు రాత్రులు దవఖానలోనే ఉంది. అత్తమ్మకు మాట వచ్చింది, మొదట్లో బొంగురుగా, ఇప్పుడు కొంచెం మెరుగ్గా. పై గొంతు ఇంకా అందడం లేదు. ఊర్మిళ భయపడే చోటు ఎత్తుకోబోయి మానేస్తుంది. డాక్టరమ్మ కొన్ని నెలలు చూద్దామంది, గొంతుకు కసరత్తు చెప్పే చోటికి పంపింది. ఆ 18 గుంటల సంగతి ఎవరూ ఎత్తలేదు. అది అట్లాగే ఉంది.

మీ ఇంట్లో పాడే మనిషి ఉంటే, పండక్కో పెళ్ళికో అని ఆగకండి. పెట్టె ఉంటే నేను చెప్పిన వరసలో పెట్టుకోండి, లేకపోతే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పక్కన ఉంచండి. కానీ ముందు ఒక్క మాట అడగండి, ఈ పాట నీతో ఎవరు పాడేవారని. వాళ్ళు బతికుంటే, ఏ ఊళ్ళో ఉన్నా, ఏ మాట మీద ఉన్నా, ఒక ఫోన్ చేయండి.

నిన్న సాయంత్రం చిన్నత్తమ్మే చేసింది. మావాడు పంపిన పాటలన్నీ మనవడి ఫోన్‌లో విన్నదట. ఆ నలుగు పాటలో ఒక చరణం మర్చిపోయిందట, నాట్ల పాట ఇంకొకటి యాదికొచ్చిందట.

"అక్క పాడకున్నా సరే, ఎదురుంగ కూసుంటె సాలు," అంది. "ఐతారం వస్త. పెట్టె తీసి పెట్టు బిడ్డా."

భజన మండలి వాళ్ళ మైకు ఇంకా తిరిగివ్వలేదు. ఇంకో వారం ఉంచుకుంటామని ఇప్పుడే చెప్పొచ్చాను.